నాలుగు పలకలు.. ఒక టాప్

కత్తెర పెట్టక్కర్లేదు.. దర్జీ దగ్గరికి వెళ్లక్కర్లేదు
లేసు సూది పట్టిన చేతికి ఇదో కొత్త దారి

యానాం: మధ్యాహ్నం అన్నాలు తిని, గిన్నెలు తోమి బోర్లించాక ఇంటి ముందు అరుగు మీదికి నలుగురు ఆడవాళ్లు చేరతారు. ఒళ్లో దారపుండ, చేతిలో కొక్కెం సూది. నోరు ఊరి కబుర్లు చెబుతుంటుంది, వేళ్లు మాత్రం లెక్క తప్పవు. నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు వైపు తరతరాలుగా కనిపించే దృశ్యమే ఇది. పంటు మీద వశిష్ఠ దాటి, కోనసీమ మీదుగా వచ్చి, ఎదుర్లంక దగ్గర బాలయోగి వారధి ఎక్కి గౌతమి దాటితే యానాం. ఆ దారినే ఇక్కడికి కోడళ్లుగా వచ్చినవాళ్లలో చీరల పెట్టె అడుగున లేసు సూది కూడా తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు.

ఏం అల్లుతారమ్మా అని అడిగితే జాబితా చాంతాడంత. బల్లగుడ్డ, సోఫా తలగుడ్డ, టీవీ మీద కప్పేది, గుండ్రటి డాయిలీ, దిండు గలీబు అంచు.. మరి మీరు తొడుక్కునేది ఏమైనా అల్లుకున్నారా అంటే మాత్రం నవ్వే సమాధానం. ‘‘ఆయ్.. మనకెందుకండీ అవి!’’ అనేస్తారు.

నిజానికి బల్లగుడ్డలో పడే కష్టంలో సగం కూడా లేని పని ఒకటుంది. నాలుగు పలకలు అల్లి, అంచులు కలిపితే ఆడపిల్ల తొడుక్కునే టాప్ అయిపోతుంది. రెండు పెద్ద పలకలు ముందు, వెనక. రెండు చిన్నవి చేతులకి. బడిపిల్లల పలకలా నాలుగు పక్కలూ తిన్నగా ఉంటే చాలు. చంక దగ్గర వంపు, మెడ దగ్గర గుండ్రం, భుజం దగ్గర ఏటవాలు.. ఇవేవీ లేవు. కాలేజీకి వెళ్లే అమ్మాయి జీన్స్ మీద వేసుకోవచ్చు, లెగ్గింగ్ మీదా వేసుకోవచ్చు.

క్రోషే అనే మాటే ఫ్రెంచి మాట. చిన్న కొక్కెం అని అర్థం. 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న యానాంలో ఈ సంగతి చెబితే పెద్దవాళ్లకు ముచ్చటేస్తుంది. మన వాడుకలో అది క్రోషియా అయింది, గోదావరి ఊళ్లలో అయితే ఇంకా తేలిగ్గా ‘లేసు పని’ అయిపోయింది. పేరేదైనా పని ఒకటే. ఒకే సూది, ఒకే దారం, ఒక ముడిలోంచి ఇంకో ముడి.

కొత్తదేం కాదు

తిన్నని పలకలతో బట్టలేమిటని ముక్కు విరిచేవాళ్లుంటారు. మన ఒంటి మీద బట్టల్లో చాలా భాగం అవే కదా. చీర ఒక పలక, పంచె ఒక పలక, కండువా, లుంగీ, ఓణీ అన్నీ పలకలే. మగ్గం మీంచి దిగేదే నిలువు పలక. షోలాపూర్‌లో తరాల క్రితం స్థిరపడిన మన పద్మశాలి కుటుంబాలు నేసిన చద్దర్లూ తువాళ్లూ అంతే. కత్తెర పెట్టి వంపులు కోయడం దర్జీ పని. నేతగాడి చేతిలో గానీ, లేసు అల్లే చేతిలో గానీ బట్ట తిన్నగానే పెరుగుతుంది. ఆ తిన్నదనాన్ని అలాగే ఒంటి మీదికి తేవడమే ఈ టాప్‌లో ఉన్న కిటుకు.

ఇంకో లాభం కూడా ఉంది. వంపులున్న బట్ట అల్లాలంటే వరస వరసకీ కుట్లు తగ్గించాలి, పెంచాలి. దానికి పుస్తకం చూడాలి. పుస్తకాలతో ఓ చిక్కుంది. అమెరికా పుస్తకంలో ‘డబుల్’ అన్న కుట్టునే ఇంగ్లండు పుస్తకంలో ‘ట్రెబుల్’ అంటారు. అమెరికా వాళ్ల ‘సింగిల్’ ఇంగ్లండు వాళ్లకు ‘డబుల్’. ఏ దేశపు పుస్తకమో చూసుకోకుండా మొదలుపెడితే టాప్ కాస్తా పిల్లల గౌను కొలతకు దిగుతుంది. పలకలతో అయితే ఈ బాధే లేదు. కుట్టు ఒకటే, మొదటి వరస నుంచి చివరి వరస దాకా.

ముందు ముక్క.. తర్వాతే టాప్

చేయి తిరిగినవాళ్లే ఎక్కువగా తప్పు చేసే చోటు ఒకటుంది. నమూనా ముక్క అల్లకుండా సరాసరి టాప్ మొదలుపెట్టేయడం. ‘‘ముప్ఫై ఏళ్లుగా అల్లుతున్నాం, మాకు ముక్కెందుకు?’’ అంటారు. ముప్ఫై ఏళ్లుగా అల్లింది సన్న దారంతో, సన్న సూదితో. లేసు దారానికి అలవాటుపడ్డ చేయి బిగువుగా ఉంటుంది. అదే బిగువుతో లావు నూలు అల్లితే బట్ట అట్టముక్కలా నిలబడుతుంది. బల్లగుడ్డకు బిగువు అందమే, ఒంటి మీద బట్టకు అది చేటు. ఒంటిని అంటి జారాలి, వంగితే వంగాలి.

అందుకని లేసు సూది పక్కన పెట్టి 4 మిల్లీమీటర్ల సూది తీసుకోవాలి. చేయి మరీ బిగువైతే 4.5. దారం కూడా ఊలు కాదు, నూలు. యానాం ఎండకి, చెన్నై ఉక్కకి, బళ్లారి వడగాలికి ఊలు టాప్ ఎవరు తొడుగుతారు! నడిరకం లావున్న మెత్తటి నూలు దారం చాలు.

ఆ దారంతో, ఆ సూదితో ఆరంగుళాల నిలువు, ఆరంగుళాల అడ్డం ముక్క అల్లాలి. కుట్టు పొడుగుది. అంటే సూదికి ముందుగా ఒక చుట్టు దారం వేసుకుని, కింది కుట్టులో గుచ్చి, రెండేసి చొప్పున రెండుసార్లు లాగేది. అమెరికా వాళ్ల డబుల్ అదే. ముక్క అయ్యాక అలాగే కొలవకూడదు. నీళ్లలో తడిపి, పిండకుండా తువాలులో అద్ది, చాప మీద పరిచి ఆరబెట్టాలి. నూలు ఉతుకుతో కొంత ముడుచుకుంటుంది. ముడుచుకోవడమేదో ముక్కలోనే అయిపోతే మంచిది, టాప్‌లో అయితే ఏడవాలి. ఎరుపు, నలుపు, ముదురు నీలం దారమైతే తడి ముక్కను తెల్లగుడ్డ మీద పెట్టి చూస్తే రంగు దిగేదీ లేనిదీ అప్పుడే తేలిపోతుంది.

ఆరాక మధ్యలో నాలుగంగుళాల మేర కుట్లు లెక్కపెట్టాలి. అంచుల దగ్గర కొలవకూడదు, అవి సాగి ఉంటాయి. అడ్డంగా 18 కుట్లు, నిలువుగా 9 వరసలు వచ్చాయనుకుందాం. అంటే అంగుళానికి నాలుగున్నర కుట్లు, రెండుంపావు వరసలు. మిగతా లెక్కంతా దీని మీదే. ఒకరి చేతికి 18 వస్తే, ఇంకొకరికి 16 రావచ్చు, 20 రావచ్చు. పక్కింటావిడ లెక్క చూసి అల్లితే టాప్ పక్కింటావిడకే సరిపోతుంది.

దారం ఎంత కావాలన్నది కూడా ఈ ముక్కే చెబుతుంది. దీన్ని పట్టుకెళ్లి కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీదో, కంసాలి కాటా మీదో తూయించాలి. ఎలాగంటే, కింద చెప్పే టాప్ మొత్తం వైశాల్యం 1056 చదరపు అంగుళాలు. ముక్క 36. అంటే టాప్‌కి ఇలాంటివి 29 ముక్కల పైచిలుకు. ముక్క 12 గ్రాములు తూగితే టాప్‌కి 350 గ్రాముల వరకు పడుతుంది. అతుకులకీ అంచులకీ ఓ పదో వంతు అదనం. 50 గ్రాముల ఉండలైతే ఎనిమిది. ఎనిమిదీ ఒకేసారి కొనాలి, లేబుల్ మీద రంగు నంబరుతో పాటు లాటు నంబరు కూడా ఒకటేనా అని చూసుకోవాలి. రంగు నంబరు ఒకటే అయినా లాటు మారితే ఛాయ మారుతుంది. కొట్టు దీపం కింద తెలియదు, ఎండలో నిలబడితే వెనక పలక ఒక రంగు, ముందు పలక ఒక రంగు!

లెక్క ఇదీ

ఛాతీ చుట్టుకొలత 36 అంగుళాలున్న అమ్మాయికి అనుకుందాం. వదులుకి నాలుగంగుళాలు కలిపితే 40. అందులో సగం 20 అంగుళాలు ఒక్కో పెద్ద పలక వెడల్పు. భుజం నుంచి తుంటి దాకా పొడవు 22. అంగుళానికి నాలుగున్నర చొప్పున 20 అంగుళాలకు 90 కుట్లు. రెండుంపావు చొప్పున 22 అంగుళాలకు 50 వరసలు. మొదలుపెట్టేటప్పుడు గొలుసు 92 వేసి, సూది నుంచి నాలుగో గొలుసులో మొదటి పొడుగు కుట్టు వేస్తే, వదిలిన మూడు గొలుసులు ఒక కుట్టుగా లెక్కలోకి వచ్చి వరసకి సరిగ్గా 90 అవుతాయి. గొలుసు బిగువైతే కింది అంచు ముడుచుకుపోయి టాప్ కుండలా తయారవుతుంది. కాబట్టి ఆ ఒక్క గొలుసుకి మాత్రం ఒక సైజు పెద్ద సూది వాడి, తర్వాత మామూలు సూదికి మారిపోవడం మంచిది.

40 ఛాతీకి ఇదే లెక్కన పలక వెడల్పు 22 అంగుళాలు, కుట్లు 99. 44 అయితే 24 అంగుళాలు, 108 కుట్లు. లావూ సన్నమూ అన్న తేడా ఈ కుట్టుకు లేదు. రెడీమేడ్ కొట్లో తన సైజు దొరక్క వెనక్కి వచ్చే ఆడవాళ్లకు ఇది చిన్న సంగతేమీ కాదు.

చేతుల పలకలు చిన్నవి. చంక లోతు 8 అంగుళాలు కావాలంటే పలక వెడల్పు దానికి రెట్టింపు, 16 అంగుళాలు, 72 కుట్లు. పొడవు అయిదున్నర అంగుళాలు చాలు, 12 వరసలు. చేతులు వద్దనుకుంటే మానేయొచ్చు. పెద్ద పలక వెడల్పు భుజం కంటే ఎక్కువే కాబట్టి రెండు పక్కలా రెండు మూడు అంగుళాలు చేతి మీదికి దానంతటదే జారుతుంది. అదే పొట్టి చేతిలా ఉంటుంది.

ఇక అల్లడంలో జాగ్రత్త ఒక్కటే. వరస చివర కుట్టు ఎగరగొట్టడం. తిరిగేటప్పుడు వేసే మూడు గొలుసుల్ని ఒక కుట్టుగా లెక్కపెట్టాలి, కింది వరసలోని ఆ గొలుసు తలలో చివరి కుట్టు వేయాలి. ఇది మరిచిపోతే వరసకో కుట్టు తగ్గి, పలక కాస్తా గోపురమవుతుంది. కబుర్లలో పడితే లెక్క తప్పుతుందనుకునేవాళ్లు మొదటి కుట్టుకూ చివరి కుట్టుకూ పిన్నీసు పెట్టుకుంటే సరి. పది వరసలకోసారి లెక్కపెట్టుకుంటే విప్పినా పది వరసలే విప్పాలి. యాభై వరసలయ్యాక పొరపాటు కనబడితే ఆ రోజు ఇంట్లో అన్నం ఉడకదు!

కుట్లన్నీ దగ్గరగా ఉంటే బరువెక్కువ. వేసవికి జాలీ అల్లకం హాయి. ఒక పొడుగు కుట్టు, ఒక గొలుసు, కిందిది ఒకటి వదిలేసి మళ్లీ పొడుగు కుట్టు. దారం తగ్గుతుంది, గాలి ఆడుతుంది. కాకపోతే లోపల బనీను లాంటిది వేసుకోవాలి. నమూనా ముక్క కూడా జాలీలోనే మళ్లీ అల్లుకోవాలి.

అసలు పని అతుకులో

పలకలు అల్లడం ఓపిక పని. అతకడం బుద్ధి పెట్టే పని. లేసు ఊళ్లలో దీనికి వేరే పేరే ఉంది.. అతుకుపని. ఒకరు పువ్వులు అల్లితే, ఇంకొకరు అంచులు అల్లితే, వాటిని తెచ్చి కలిపి బల్లగుడ్డగా నిలబెట్టేవాళ్లు వేరొకరు. పువ్వు అల్లిన చేతికి ఆ బల్లగుడ్డ చివరికి ఎలా వచ్చిందో, ఏ దేశం వెళ్లిందో, ఎంతకి అమ్ముడయిందో తెలియకుండానే ఏళ్లు గడిచిపోయాయి.

పందొమ్మిదో శతాబ్దం మధ్యలో గోదావరి డెల్టాకు వచ్చిన క్రైస్తవ మిషనరీ కుటుంబాలు ఈ అల్లకాన్ని ఇక్కడి ఆడవాళ్లకు నేర్పాయి. తర్వాత అది వ్యాపారమైంది. దారం ఏజెంటు ఇంటికి తెచ్చి ఇస్తాడు, అల్లిన ముక్కలు తీసుకుని ముక్క లెక్కన కూలి ఇస్తాడు. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త 1970ల చివర్లో నరసాపురం ప్రాంతంలో ఉండి ఈ పనిని దగ్గరగా చూసి, 1982లో పుస్తకం వేశారు. పొద్దస్తమానం అల్లినా చేతికొచ్చేది రూపాయికి లోపేనని ఆమె లెక్క తేల్చారు. అంతకంటే ముఖ్యమైన మాట ఇంకోటి చెప్పారు. ఇంత పని చేస్తున్నా వీళ్లను ఎవరూ పనివాళ్లుగా లెక్కపెట్టడం లేదు. ఇంట్లో కూర్చుని తీరికవేళ చేసుకునే పనిగానే అందరూ చూశారు. లెక్కలో లేరు కాబట్టి కూలి అడిగే నోరూ లేకపోయింది.

2024లో నరసాపురం క్రోషియా లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషించాల్సిందే. కానీ ఆ గుర్తును వాడుకోవాలంటే ఆ ప్రాంతంలో తయారైన సరుకై ఉండాలి, వాడుకునేవారు అధీకృత వినియోగదారుగా నమోదై ఉండాలి. నరసాపురం ఆడపడుచే అయినా, యానాంలోనో బరంపురంలోనో కూర్చుని అల్లిన టాప్‌కి ఆ పేరు తగిలించి అమ్మకూడదు. పనితనం పుట్టింటిదే అయినా గుర్తు మాత్రం పుట్టింట్లోనే ఆగిపోతుంది.

నాలుగు పలకల టాప్‌కి ఆ బరువు లేదు. పువ్వు ఒకరిది, అతుకు ఒకరిది కాదు. మొదటి గొలుసు వేసిన చెయ్యే చివరి అతుకూ వేస్తుంది. తొడుక్కునే మనిషి ఎదురుగా ఉంటుంది. కొలత తీసుకున్నదీ తనే, ధర చెప్పేదీ తనే.

అతికే ముందు నాలుగు పలకల్నీ తడిపి, పరుపు మీద పాత దుప్పటి పరిచి, టేపు పెట్టి కొలత ప్రకారం సాగదీసి తుప్పు పట్టని గుండుసూదులు గుచ్చి ఆరనివ్వాలి. ఒక రాత్రి పడుతుంది. ముందు పలక, వెనక పలక ఒకే కొలతకు వచ్చేది అప్పుడే. ఈ మెట్టు ఎగ్గొట్టినవాళ్ల టాప్ ఒక పక్క పైకి, ఒక పక్క కిందికి ఉంటుంది, చూస్తూనే తెలిసిపోతుంది.

ముందుగా భుజాలు. పలక పైఅంచున ఉన్న 90 కుట్లలో రెండు చివర్ల నుంచి 22 చొప్పున కలపాలి. మధ్యలో మిగిలే 46 కుట్లు మెడ. పది అంగుళాల పైచిలుకు వెడల్పు. తల దూరేదీ లేనిదీ దారం తెంపక ముందే తొడిగి చూసుకోవాలి. దారం తెంపేశాక చూసుకుని లాభం లేదు. మెడ మరీ వెడల్పయి భుజం జారుతుందనుకుంటే ఇంకో రెండేసి కుట్లు కలుపుకోవచ్చు.

తర్వాత చేతులు. పలకను పరిచి, భుజం అతుకు నుంచి ముందుకు 18 వరసలు, వెనక్కి 18 వరసలు గుర్తు పెట్టాలి. మొత్తం 36 వరసల అంచుకు 72 కుట్ల చేతి పలకను కలపాలి. వరసకి రెండు కుట్లు, లెక్క సరిగ్గా సరిపోతుంది. అడ్డంగా పెరిగిన పలకను నిలువుగా పెరిగిన పలకకు కలిపే ఈ ఒక్క చోటే కొత్తవాళ్లు తడబడతారు. ఈ కుట్టులో ఒక వరస ఎత్తు రెండు కుట్ల వెడల్పుకి సమానం కాబట్టి గుర్తు పెట్టుకోవడం తేలికే. వేరే కుట్టు ఎంచుకుంటే లెక్క మారుతుంది.

చివరికి పక్కలు. చంక కింద నుంచి 25 వరసలు కలిపి, అడుగున 7 వరసలు, అంటే మూడంగుళాలు వదిలేస్తే కూర్చున్నప్పుడు పట్టేయకుండా చీలిక ఉంటుంది. స్కూటీ నడిపే అమ్మాయికి ఈ చీలిక తప్పదు.

దేనితో అతకాలి? సూదీ దారంతో చుట్టుకుట్టు వేయడం సులువు, విప్పడమూ సులువు. మొదటి టాప్‌కి అదే మేలు. క్రోషియా సూదితోనే పొట్టి కుట్లు వేసి కలిపితే గట్టిగా ఉంటుంది కానీ గట్టులా లేస్తుంది. కొందరు ఆ గట్టునే బయటి వైపుకి తెచ్చి, వేరే రంగు దారంతో వేసి అందంగా చూపిస్తారు. బల్లగుడ్డల అతుకులో ఆరితేరినవాళ్లకు అతుకు కనబడకుండా చేయడం వెన్నతో పెట్టిన విద్య. వాళ్లను చూసి నేర్చుకోవాల్సిందే తప్ప రాతలో దొరికేది కాదు. పలక మొదలుపెట్టినప్పుడు, ముగించినప్పుడు జానెడు పైనే దారం వదిలి ఉంచుకుంటే అతుకు మొదలు దానితోనే కుట్టొచ్చు, కొసలు దాచే పని సగం తగ్గుతుంది.

ధర దగ్గరే తంటా

అందంగా అయింది. పక్కింటమ్మాయి చూసింది. ‘‘అత్తా, నాకూ ఒకటి అల్లి పెట్టవా? ఎంత ఇమ్మంటావు?’’ అంది. ఇక్కడే నోరు పెగలదు. ‘‘ఎంతో కొంత ఇవ్వవే, ఖాళీగా కూర్చునేదే కదా’’ అనేస్తారు. ఖాళీగా కూర్చున్నది ఎక్కడ?

కుట్లు లెక్కపెట్టి చూడండి. పెద్ద పలక ఒక్కటి 90 ఇంటూ 50, నాలుగు వేల అయిదు వందలు. రెండూ కలిపి తొమ్మిది వేలు. చేతులవి మరో 1728. మొత్తం 10,728 కుట్లు. నిమిషానికి ఆగకుండా 15 వేసే చేతికైనా పన్నెండు గంటలు పడుతుంది. తడిపి గుచ్చడం, అతకడం, కొసలు దాచడం, మెడకూ అంచుకూ ఒక వరస తిప్పడం ఇంకో మూడు గంటలు. పదిహేను గంటల పని. గంటకి 50 రూపాయలు అనుకున్నా 750. దారానికి 500 అయిందనుకుంటే 1250 రూపాయలు. ఇందులో లాభం లేదు, కూలీ దారమే.

‘‘బజార్లో నాలుగొందలకే దొరుకుతున్నాయి అత్తా’’ అంటుంది అమ్మాయి. నిజమే, దొరుకుతున్నాయి. వాటిలో చాలావరకు యంత్రం మీద అల్లిన జాలీ బట్టను కోసి కుట్టినవి. దూరం నుంచి క్రోషియాలాగే ఉంటాయి. లోపలి వైపు తిప్పి చూస్తే కత్తెర పెట్టిన అంచు, దాని మీద మిషను కుట్టు కనిపిస్తాయి. కొక్కెం సూదితో వేసే అల్లకాన్ని అచ్చంగా అలాగే వేసే యంత్రం ఇప్పటికీ బజారుకెక్కలేదు. అంటే ఎక్కడైనా, ఏ దేశపు కొట్లో అయినా, అసలైన క్రోషియా బట్ట కనిపిస్తే దాని వెనక గంటల కొద్దీ కూర్చున్న చేయి ఒకటి ఉన్నట్టే. అది కూడా నాలుగొందలకే దొరుకుతుంటే, తక్కువయింది దారం ఖరీదు కాదు, ఆ చేతి ఖరీదు.

అలాగని ఎదుటి మనిషి దగ్గర పన్నెండొందలు లేకపోతే గొడవ పడక్కర్లేదు. జాలీ అల్లకంలో కుట్లు బాగా తగ్గుతాయి, దారమూ తగ్గుతుంది. చేతులు మానేస్తే 1728 కుట్లు మిగిలినట్టే. దారం తనే కొనుక్కొస్తే కూలి మాత్రం తీసుకోవచ్చు. బేరం ఆడాల్సింది పని తగ్గించి, గంట విలువ తగ్గించి కాదు. చిన్న నోట్ బుక్కులో ఏ రోజు ఎన్ని గంటలు అల్లిందీ రాసుకుంటే చాలు, ధర చెప్పేటప్పుడు గొంతు తడబడదు. చుట్టానికి ఊరికే ఇవ్వాలనిపిస్తే ఇవ్వొచ్చు. ఇచ్చింది పదిహేను గంటలని ఇద్దరికీ తెలిసి ఉండాలి.

కొందరు ముందు పలకను రెండుగా చేసి అల్లుతున్నారు. 45 కుట్ల చొప్పున రెండు సన్న పలకలు. నడుమ అతుకును భుజానికి ఆరంగుళాల కింద ఆపేస్తే మెడ కోసుగా, వి ఆకారంలో పడుతుంది. కొలతా, కుట్లూ అన్నీ అవే. ఒక్క అతుకు ఎక్కువ, అంతే. ఇంకొందరు వేర్వేరు రంగుల చదరపు బిళ్లలు అల్లి, వాటిని పలకగా కలుపుతారు. బల్లగుడ్డ పువ్వులు అల్లిన చేతికి అది మరీ దగ్గరి పని. కొసలు దాచడం మాత్రం రెండింతలవుతుంది, గంటలు రాసుకునేటప్పుడు అది మరవకూడదు.

ఉతికితే..

నూలు టాప్ తడిస్తే బరువెక్కుతుంది. దండెం మీద వేలాడదీస్తే సాయంత్రానికి టాప్ కాస్తా నైటీ అయి కూర్చుంటుంది. చల్లటి నీళ్లలో చేత్తో జాడించి, పిండకుండా తువాలులో చుట్టి అద్ది, చాప మీద నీడలో పరవాలి. బీరువాలో కూడా హ్యాంగరుకి తగిలించకుండా మడత పెట్టి ఉంచడమే మంచిది.

ఎదిగే పిల్లకు అల్లిన టాప్ అయితే ఇంకో సుఖం ఉంది. ఏడాది తిరిగేసరికి పొట్టి అవుతుంది కదా. భుజం అతుకులు విప్పి, ముందు వెనక పలకల మీద నాలుగేసి వరసలు పెంచి మళ్లీ కలిపితే పొడవు దాదాపు రెండంగుళాలు కలిసొస్తుంది. చంక ఆ మేరకు కిందికి దిగకుండా పక్క అతుకును నాలుగు వరసలు పైకి కుట్టుకోవాలి. చేతులున్న టాప్ అయితే వాటిని కూడా విప్పి మళ్లీ అతకక తప్పదు. ఇదంతా జరగాలంటే అదే లాటు దారం ఇంట్లో ఉండాలి. మిగిలిన ఉండను పిల్లి ఆడుకోవడానికి వదిలేయకుండా లేబుల్‌తో సహా డబ్బాలో వేసి దాచుకోవాలి.